చైనా దాకా వెళ్ళి పులిహోర ప్యాకెట్లేనా?

పోపులడబ్బా:
బ్యాగు భుజాన వేసుకుని పన్నెండు రోజులు షియాన్, చెంగ్డూ తిరిగొచ్చాను. హాస్టల్లో మనవాళ్ళు ఇద్దరు తగిలారు. పొద్దున ఇన్‌స్టంట్ ఉప్మా, రాత్రి ఇన్‌స్టంట్ పులిహోర. అక్కడ రైలు పెట్టెలో కూడా వేడినీళ్ళ కుళాయి ఉంటుంది కాబట్టి ఏ లోటూ రాలేదు. అడిగితే "మేం చరిత్ర చూడ్డానికొచ్చాం" అన్నారు. నా మాట ఇదీ: అక్కడి తిండి ముట్టనివాళ్ళు అంత ఖర్చు పెట్టి వెళ్ళడం దండగ. షియాన్ దగ్గర పాతకాలం చక్రవర్తి సమాధి కోసం చేసిన మట్టి సైనికుల బొమ్మల్ని ఫోన్లోనూ చూడొచ్చు. తిట్టేవాళ్ళు తిట్టండి.

కృష్ణ ఒడ్డు:
తిడతాను. 1974లో బావి తవ్వుతున్న రైతులకు దొరికిన సైన్యం అది. దాని ముందు నిలబడితే ఒక్కో మొహం ఒక్కోలా ఉంటుంది, ఫోన్లో చచ్చినా తెలీదు. ఇక చైనా బౌద్ధ యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ సంగతి. మన ధాన్యకటకం, అంటే అమరావతి దాకా వచ్చినవాడు, 645లో తిరిగి చేరింది చాంగాన్‌కి, అంటే ఇప్పటి షియాన్‌కే. ఆయన తెచ్చిన గ్రంథాల కోసం 652లో కట్టిన గోపురం ఇంకా నిలబడి ఉంది. మాది అమరావతి దగ్గర పల్లె. ఆ గోపురం కింద నించున్నప్పుడు నా కడుపులో ఉన్నది నూడుల్సా, పులిహోరా అన్నది ఎవడికి కావాలి? అన్నట్టు, ఇండియాకి వచ్చేటప్పుడు దారిలో కూచా అనే రాజ్యంలో రాజు విందు పెడితే హ్యూయాన్‌త్సాంగ్ కూడా మాంసం వద్దన్నాడు.

పోపులడబ్బా:
వద్దన్నాడు సరే, ఇంటి నుంచి పులిహోర మూట కట్టుకెళ్ళలేదు కదండీ! అక్కడ పెట్టిన మిగతావి తిన్నాడు.

చార్మినార్ చాయ్:
నాది హలాల్ టెన్షన్. నెల రోజులు నిద్రపట్టలేదు. తీరా చూస్తే షియాన్ నడిబొడ్డున హుయి ముస్లింల పేటే ఉంది. అక్కడి పెద్ద మసీదు చైనా గుడిలా ఉంటుంది, పైన గుమ్మటం కూడా లేదు. దుకాణం మీద 'చింగ్‌జెన్' అక్షరాలు కనిపిస్తే హలాల్ అని. రెండు అక్షరాలు గుర్తుపెట్టుకుంటే సగం సమస్య తీరింది. కనుక్కోకుండానే ప్యాకెట్లు సర్దుకునేవాళ్ళ మీద నాకూ కోపమే.

వంకాయ పులుసు:
శాకాహారులకు అంత తేలిక కాదు అన్నా. శాకాహారం అని చెప్పే 'సు' అక్షరం ఉన్న బౌద్ధ హోటళ్ళు వెతుక్కోవాలి. మామూలు హోటల్లో ఆకుకూర చెప్తే పందికొవ్వులో వేయించి ఇవ్వచ్చు. చెంగ్డూలో మాపో టోఫు అంటే సోయా పనీరే కదా అని పేరు చూసి మురిసిపోయాను, అందులో కొత్తిమీరలా మాంసం తురుము చల్లారు.

కానీ పోపులడబ్బా గారూ, మీ లెక్కలో నేనూ దండగేనా? షియాన్‌లో మావారు పావ్‌మో చెప్పారు. ముందు ఖాళీ గిన్నె, అందులో గట్టి రొట్టెలు రెండు పెట్టి, ఒక నంబరు బిళ్ళ ఇస్తారు. రొట్టె మనమే తుంచాలి. ఆ తర్వాత గిన్నె వంటింట్లోకి వెళ్ళి మటన్ పులుసుతో తిరిగొస్తుంది. ఆయనకు ఓపిక లేక నాకు తోశారు. నేను ముక్కలు తుంచుతుంటే పక్క బల్ల దగ్గరి ముసలాయన చూసి తల అడ్డంగా ఊపాడు. లేచొచ్చి, నా ముక్క ఒకటి తీసుకుని గోళ్ళతో గిల్లి, వేరుశనగ గింజంత చేసి చూపించాడు. పెద్ద ముక్కలైతే పులుసు లోపలికి పోదని సైగ. అరగంట పట్టింది, వేళ్ళు నొప్పెట్టాయి. మధ్యలో నా ముందు ఊరబెట్టిన తియ్యటి వెల్లుల్లిపాయ పెట్టాడు. ఆ రోజు అక్కడ నేను తిన్నది ఆ వెల్లుల్లి ఒక్కటే. రాత్రి రూములో మీరు వెక్కిరించిన పులిహోరే తిన్నాను.

చార్మినార్ చాయ్:
అక్కా, మెషీన్‌తో తరిగి ఇమ్మన్నా ఇస్తారు కొన్నిచోట్ల. నేనదే చేశా. ఇప్పుడు సిగ్గేస్తోంది.

కృష్ణ ఒడ్డు:
ఇక చెప్పండి పోపులడబ్బా గారూ, దండగెవరు?

పోపులడబ్బా:
ప్యాకెట్ల మీద నా మాట వెనక్కి తీసుకోను, హాస్టల్లో తగిలిన ఆ ఇద్దరి విషయంలో అస్సలు తీసుకోను. వంకాయ పులుసు గారిని మాత్రం లెక్కలోంచి తీసేశాను. నేను పావ్‌మో తిన్నాను, రెండు నిమిషాల్లో రొట్టె నాలుగు తుంపులు చేసి ఇచ్చేశాను. లోపల పిండి పిండిగా ఉంటే వంటవాడిదే తప్పనుకున్నాను.