టాంపాలో మా తమ్ముడి ఇంటి క్లెయిమ్: పబ్లిక్ అడ్జస్టర్‌కి సంతకం పెట్టొచ్చా?

సాగర్ ఎడమ కాలువ:
మాది మిర్యాలగూడ. తమ్ముడు, మరదలు ఫ్లోరిడాలో టాంపాలో ఉంటున్నారు. 2024 అక్టోబర్ 9 రాత్రి మిల్టన్ తుఫానుకి ఇంటి పైకప్పు షింగిల్స్ (మీద పరిచే పలకలు) లేచిపోయి, వాన నీళ్లు దిగి హాల్లో సీలింగ్ ఉబ్బిపోయింది. ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి వచ్చి చూసి 14,000 డాలర్ల నష్టం అని రాశాడు. అందులో డిడక్టిబుల్ (మనమే భరించాల్సిన మొత్తం) 8,000, పాతబడినందుకు తరుగు 2,000 పోగా 4,000 చెక్కు వచ్చింది. రూఫ్ వేసేవాళ్లేమో 30,000 పైనే అడుగుతున్నారు. ఇప్పుడు ఒకాయన ఇంటికొచ్చి, నేను పబ్లిక్ అడ్జస్టర్‌ని, కంపెనీతో మాట్లాడి ఎక్కువ ఇప్పిస్తా, మొత్తం మీద 20 శాతం నాది, ఇవాళే సంతకం పెట్టండి అంటున్నాడట. ఇక్కడ అమ్మానాన్నలకు ఒకటే టెన్షన్. అసలు ఈయన ఎవరి మనిషి? కంపెనీ మనిషా, బ్రోకరా? తెలిసినవాళ్లు చెప్పండి.

కోదాడ నుంచి ఫ్లోరిడా:
అన్నా, ముందు ఇవాళ సంతకం వద్దని తమ్ముడికి చెప్పండి. మొదట వచ్చి చూసినాయన కంపెనీ పంపిన అడ్జస్టర్ (నష్టం లెక్కగట్టే మనిషి), ఆయన కంపెనీ కోసమే లెక్క కడతాడు. పబ్లిక్ అడ్జస్టర్ ఇంటి ఓనర్ తరఫు మనిషి, ఓనరే పెట్టుకుంటాడు, ఓనరే ఫీజు ఇస్తాడు. ఫ్లోరిడాలో దీనికి డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఫైనాన్షియల్ సర్వీసెస్ అనే రాష్ట్ర ప్రభుత్వ శాఖ లైసెన్సు ఉండాలి, వాళ్ల వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు.

ఇక 20 శాతం సంగతి. మిల్టన్‌కి గవర్నర్ ఎమర్జెన్సీ ప్రకటించారు. అలాంటి తుఫాను క్లెయిమ్ మీద మొదటి ఏడాదిలో 10 శాతం మించి తీసుకోకూడదని చట్టం. ఇంకోటి, కంపెనీ ఇప్పటికే ఇచ్చిన 4,000 మీద ఆయనకి పైసా రాదు, కాంట్రాక్టు తర్వాత ఆయన పనివల్ల వచ్చిన డబ్బు మీదే ఫీజు. 'మొత్తం మీద' అన్నాడంటే అక్కడే ఆగాలి. ఒకవేళ సంతకం అయిపోయినా కనీసం 10 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు ఉంది.

ఆ తరుగు 2,000 గురించి కూడా చూడండి. పాలసీలో రీప్లేస్‌మెంట్ కాస్ట్ (తరుగు తీయకుండా కొత్తగా వేసే ఖర్చు) ఉంటే, పని జరిగి ఖర్చు పెట్టేకొద్దీ ఆ డబ్బు కంపెనీ ఇవ్వాలి. అది మీకు రావాల్సిందే, దానికి ఎవరికీ వాటా ఇచ్చే పనిలేదు. కంపెనీ ఎస్టిమేట్ కాపీ తెప్పించుకుని రూఫర్ ఎస్టిమేట్ పక్కన పెట్టి లైను లైను చూడండి. షింగిల్స్ కింద ప్లైవుడ్ రాశారా? అటకలో తడిసిన ఇన్సులేషన్? సీలింగ్‌కి మచ్చ వరకే పెయింటా, గది మొత్తమా? తేడా సాధారణంగా ఇలాంటి చోట్లే దాక్కుంటుంది.

పాలమూరు బిడ్డ:
పైన చెప్పినవన్నీ నిజమే కానీ అడ్జస్టర్ వద్దే వద్దని భయపెట్టకండి. మా చిన్నాన్న కొడుకు ఫోర్ట్ మయర్స్‌లో ఉంటాడు, 2022లో ఇయాన్ తుఫానుకి వాళ్ల ఇల్లు దెబ్బతింది. కంపెనీ మనిషి ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడట. తర్వాత వీళ్లు పెట్టుకున్న అడ్జస్టర్ తేమ కొలిచే మీటర్ గోడకి ఆనించి కిటికీ కింద నుంచి నేల దాకా చూపించాడు, పైకి రంగు కూడా మారలేదు, లోపల మాత్రం అంతా తడి. అది మనకి ఎలా తెలుస్తుంది? తేడా ఇంత పెద్దదైనప్పుడు 10 శాతం ఇచ్చినా నష్టం లేదు. కాకపోతే తలుపు కొట్టి వచ్చినవాణ్ని కాదు, అక్కడి తెలుగువాళ్లని అడిగి వెతుక్కోండి. రూఫర్‌తో జట్టుగా వచ్చేవాణ్ని అస్సలు వద్దు. అడ్జస్టర్ లైసెన్సు లేని రూఫర్ క్లెయిమ్ బేరం మాట్లాడటమే అక్కడ చట్టవిరుద్ధం.

దేవరకొండ వాస్తవ్యుడు:
మధ్యలో వచ్చి అడుగుతున్నా, మన దగ్గర ఇలాంటివాళ్లు ఉన్నారా? మా బావగారి ఇల్లు వైజాగ్‌లో సముద్రం దగ్గరే.

పాలమూరు బిడ్డ:
మన దగ్గర ఇలాంటి లైసెన్సు పద్ధతి లేదండి. ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ) లైసెన్సు ఉన్న సర్వేయర్‌ని కంపెనీయే పంపిస్తుంది, ఫీజూ వాళ్లదే. సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకోవాలి, చాలామంది అడగరు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తేలకపోతే ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. తెలంగాణ, ఆంధ్రకి ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, 50 లక్షల దాకా చూస్తారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

సాగర్ ఎడమ కాలువ:
అందరికీ చాలా థాంక్స్. తమ్ముడు వెతికితే ఆయనకి లైసెన్సు ఉంది. 10 శాతం రూలు గురించి అడగ్గానే సరే పదికే చేస్తా అన్నాడట, అంటే తెలిసే 20 అడిగాడన్నమాట, అది మాకు నచ్చలేదు. ఎస్టిమేట్‌లో ప్లైవుడ్ ఒక్క షీటు కూడా రాయలేదు. రూఫర్ తీసిన ఫోటోలు పెట్టి ముందు తమ్ముడు తనే కంపెనీకి సప్లిమెంటల్ క్లెయిమ్ (అదే నష్టానికి ఇంకా రావాల్సింది అడిగేది) రాస్తానంటున్నాడు. దీనికి గడువు ఎంత?

కోదాడ నుంచి ఫ్లోరిడా:
నష్టం జరిగిన రోజు నుంచి 18 నెలలు అన్నా, అంటే 2026 ఏప్రిల్ దాకా. కానీ అంతదాకా ఆగొద్దు, తడి చెక్క ఆగదు. టార్పాలిన్ వేయించి బిల్లు దాచమనండి, అది కూడా క్లెయిమ్‌లో పెట్టొచ్చు. రాసిన తర్వాత 60 రోజుల్లో కంపెనీ డబ్బు ఇవ్వాలి లేదా కాదని చెప్పాలి. అప్పటికీ కుదరకపోతే లైసెన్సు ఇచ్చే ఆ డిపార్ట్‌మెంట్ వాళ్లే మధ్యవర్తిత్వం పెడతారు, ఆ ఖర్చు కంపెనీదే. అడ్జస్టర్‌ని దాని తర్వాత ఆలోచించొచ్చు.