సతాయింపుకు, బడి ఎగ్గొట్టుడుకు నిజంగా సంబంధముందా?

ఓరుగల్లు_లెక్కలు: యునెస్కో 2019 నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు ముగ్గురు విద్యార్థుల్లో ఒకరిని అంతకుముందు నెలలో ఒక్కసారైనా తోటిపిల్లలు సతాయించారు. తరచూ ఆ బాధ పడేవాళ్లు బడి మానే అవకాశం రెండింతలకు పైనే. మనం మాత్రం హాజరు తగ్గితే పత్తి ఏరుడు, మేడారం జాతర అంటాం.

పరకాల_పంతులు: రెండు ప్రశ్నలూ ఒకే కాగితం మీద అడిగిన సర్వేలవి. ఏది ముందో ఎట్ల తెలుస్తది? పదిరోజులు రాని పిల్లగానికి జట్టు ఉండదు, వాణ్నే ఏడిపిస్తరు.

కాజీపేట_ప్యాసింజర్: మా కాలంలో లేదా ఇది? అందరం చదువుకున్నం.

ఓరుగల్లు_లెక్కలు: చదువుకోనోళ్లు ఇక్కడ రాయరు కదన్నా. పంతులు సార్, రెండు వైపులా జరుగుతుంది, ఒప్పుకుంటా. కానీ 13–17 ఏళ్లవాళ్లపై ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసే సర్వేలో అడిగేది గత 30 రోజుల్లో 'అనుమతి లేకుండా' మానిన రోజులే. కడుపునొప్పని చీటీ తెస్తే లెక్కలోకి రాదు. సర్వే రోజు రానివాడు ఆ కాగితమే చూడడు. అంటే బడి మానేది సర్వేలో కనిపించేదానికంటే ఎక్కువే.

హన్మకొండ_మేడం: సర్వే వదిలేసి రిజిస్టర్ తీయండి. ఆరు వారాల హాజరు పక్కన టైంటేబుల్ పెట్టండి. జ్వరమైతే వరుసగా మూడు నాలుగు రోజులు గైర్హాజరు. సతాయింపైతే తరచూ ఆటల పీరియడ్ ఉన్న రోజులే పోతాయి, లేదంటే పొద్దున ఉండి మధ్యాహ్నం మాయం. పిలిచి 'ఎవరు కొట్టిండ్రు' అనొద్దు. 'అన్నం ఎవరి పక్కన తింటవ్, బాత్రూంకు ఎప్పుడు పోతవ్' అనడగాలి, అదీ ఒంటరిగా. నలుగురిలో అడిగితే మర్నాటి నుంచి అసలే రాడు.

పరకాల_పంతులు: ఫోన్‌లో ముఖం చూపించే హాజరు మేమే, భోజనం లెక్క మేమే, ఇప్పుడు ఇదీ మేమేనా? కౌన్సెలర్ ఏడీ?

ఓరుగల్లు_లెక్కలు: కౌన్సెలర్ లేకున్నా టీసీ పుస్తకం ఉంటది కదా! సతాయించినోని తండ్రి ఊళ్లె పెద్దమనిషైతే, దెబ్బతిన్నోని చేతిల టీసీ పెడ్తరు. పేరే ఉండదు కాబట్టి గైర్హాజరూ ఉండదు. మీ శాతం పెరుగుతది.

పరకాల_పంతులు: మాట జాగ్రత్త. టీసీ అడిగేది తల్లిదండ్రులు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 5 చదవండి, ఆలస్యం చేస్తే హెడ్‌మాస్టర్ మీదే క్రమశిక్షణ చర్య.

హన్మకొండ_మేడం: అడిగేదాకా ఎందుకు తెచ్చుకోవాలి సార్? గుంపును విడగొట్టి వేరే సెక్షన్లకు పంపండి. ఒకటే సెక్షనైతే బెంచీ, భోజనం వరుస మార్చండి, ఇంటికి పది నిమిషాల తేడాతో వదలండి. దెబ్బతిన్న పిల్లను మాత్రం కదిలించొద్దు, తప్పు తనదే అనుకుంటది.

పరకాల_పంతులు: కదిలిస్తే ఆ గుంపులోనోడు మానేస్తడు. అదే చట్టంలో సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి దాకా వాణ్ని బడి నుంచి తీసేయరాదు. వాడూ నా పిల్లగాడే మేడం.

ఓరుగల్లు_లెక్కలు: ఇంతసేపూ సర్వే తప్పన్నది ఇందుకా?