'మ్యాష్' సినిమా వేస్తే సగంమంది పడీపడీ నవ్వారు, సగంమంది లేచి వెళ్లిపోయారు. మీకెలా అనిపించింది?

రీలుపిచ్చి:
మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో నెలకో పాత సినిమా ప్రొజెక్టర్ మీద వేసుకుంటాం. ఈసారి వంతు నాది. రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన 'మ్యాష్' (1970) పెట్టాను. కొరియా యుద్ధం, యుద్ధరంగానికి కూతవేటు దూరంలో గుడారాల్లో నడిచే అమెరికా సైనిక ఆసుపత్రి, అందులో ముగ్గురు ఆకతాయి సర్జన్లు. 'కామెడీ సినిమా, అందరూ రండి' అని వాట్సాప్‌లో మెసేజ్ పడేశాను.

ఆపరేషన్ సీన్‌లో మెడలోంచి రక్తం చిమ్మగానే పునుగుల ప్లేట్లు కిందికి దిగిపోయాయి. అక్కడే మా రెండో ఫ్లోర్ డాక్టరు గారు పగలబడి నవ్వుతున్నారు. పళ్ల డాక్టరు పాత్ర చచ్చిపోతానంటే, ఏసుప్రభువు చివరి భోజనం బొమ్మలా అందరూ బల్ల దగ్గర కూర్చునే సీన్ ఒకటుంది కదా, అది ఒకావిడకి చాలా బాధ కలిగించింది. హెడ్ నర్సు స్నానం చేస్తుంటే గుడారం లేపేసే సీన్ దగ్గర ఇద్దరమ్మాయిలు మాట కూడా మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఉన్నవాళ్లలో కొందరు చివర్లో ఆ ఫుట్‌బాల్ మ్యాచ్ సాగుతుంటే ఫోన్లు తీశారు. అయిపోయాక ఒక పెద్దాయన, "యుద్ధం సినిమా అన్నావు, ఒక్క తుపాకీ పేలలేదేంటి బాబూ?" అన్నారు.

కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి, స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చిన సినిమా ఇది. అప్పట్లోనూ జనం ఇలాగే రెండుగా చీలిపోయారా? ముఖ్యంగా మిలటరీలోనో, ఆసుపత్రిలోనో పనిచేసినవాళ్లకి ఇది ఎలా అనిపిస్తుందో తెలుసుకోవాలనుంది.

మాధవరం మిలటరీ:
తమ్ముడూ, నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో ఆపరేషన్ థియేటర్ అసిస్టెంట్‌గా చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. మీ డాక్టరు గారు ఎందుకు నవ్వారో నేను చెబుతాను.

ఆ సినిమాలో నాకు ప్రాణమైన సీన్ ఒకటుంది. ఫాదర్ గారు ఒక పక్కన చనిపోయిన కుర్రాడికి ప్రార్థన చేస్తుంటారు. పక్క టేబుల్ మీద సర్జన్‌కి చేతులు చాలడం లేదు. ఫాదర్‌ని పిలుస్తాడు. ఆయన ప్రార్థన సగంలో ఉందంటాడు. సర్జన్, 'ఏమనుకోకు ఫాదర్, వాడు పోయాడు, వీడు ఇంకా బతికున్నాడు, రా' అని రిట్రాక్టర్ చేతికిస్తాడు. రెండు వేళ్లతో పట్టుకో అని ఎలా పట్టుకోవాలో కూడా చెబుతాడు. బయటివాళ్లకి ఇది దేవుడి మీద జోకులా కనబడొచ్చు. ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్లో, నిలబడినవాడికి మాత్రం అది మామూలు రోజు. రిట్రాక్టర్ పట్టుకున్నవాడి పని వినడానికి చిన్నది. గాయం అంచులు వెడల్పుగా లాగి పట్టుకుని కదలకుండా నిలబడాలి. పది నిమిషాలకి చెయ్యి వణుకుతుంది, కదిలావంటే సర్జన్ తిడతాడు. ఆ ఫాదర్ మొహం చూడండి, అచ్చం కొత్త రిక్రూట్ మొహమే.

1999 జూన్‌లో నేను కశ్మీర్‌లో ఉన్నాను. కార్గిల్ నుంచి కేసులు వరసగా దిగుతున్నాయి. జూన్ 8న మాంచెస్టర్‌లో ఇండియా-పాకిస్తాన్ వరల్డ్ కప్ మ్యాచ్. కారిడార్‌లో ఎవరిదో ట్రాన్సిస్టర్. వికెట్ పడినప్పుడల్లా ఒక కుర్రాడు తలుపు దగ్గరకొచ్చి స్కోరు అరిచి పోతున్నాడు. మా మేజర్ సాబ్ తొడలో ముక్కలు ఏరుతూ, తలెత్తకుండానే, 'ప్రసాద్‌కి ఎన్ని?' అంటున్నారు. వెంకటేశ్ ప్రసాద్ ఆ రోజు అయిదు వికెట్లు తీశాడు. అయిదోది పడ్డాక మేజర్ సాబ్, 'మాప్ కౌంట్ కూడా సరిపోతే ఈరోజు మనమే గెలిచాం' అన్నారు. మాప్ అంటే రక్తం అద్దే గుడ్డ. కుట్లు వేసేముందు లోపలికి వెళ్లినన్నీ బయటికి వచ్చాయో లేదో లెక్క చూడాలి. అందరం నవ్వాం. టేబుల్ మీద పడుకున్న జవాను వాళ్లమ్మ గనక ఆ క్షణంలో తలుపు తీసి చూసి ఉంటే మమ్మల్ని మనుషులనుకునేది కాదు. కానీ ఆ నవ్వు లేకపోతే తర్వాతి కేసుకి చేతులు ఆడవు.

ఇంకో సంగతి. కొరియాలో ఆ గుడారాల్లో జరిగింది చిన్న పని కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో కాలికో చేతికో పెద్ద రక్తనాళం తెగితే ఎక్కువగా ముడి వేసి ఆపేసేవాళ్లు. అలాంటి కేసుల్లో దాదాపు సగంమందికి అవయవం తీసేయాల్సి వచ్చేది. కొరియాలో తెగిన నాళాన్ని మళ్లీ కుట్టడం మొదలుపెట్టారు. దాంతో అది 13 శాతానికి దిగింది. హెలికాప్టర్‌కి రెండు పక్కలా స్ట్రెచర్లు కట్టి తీసుకురావడం సినిమా మొదట్లోనే ఉంటుంది, అదీ నిజమే. మీ పెద్దాయనకి చెప్పండి, తుపాకీ పేలక్కర్లేదు, పేలాక వచ్చినవాళ్లే సినిమా అంతా టేబుల్ మీద ఉన్నారని.

అప్పట్లోనూ గొడవ అయింది. అమెరికా సైన్యం వాళ్లు మొదట తమ స్థావరాల్లోని థియేటర్లలో వేయనివ్వలేదు. ఆఫీసర్లని వెర్రివాళ్లలా చూపించారని కోపం. అదే ఏడాది, అదే స్టూడియో 'ప్యాటన్' కూడా తీసింది. జనరల్ గారి వీరగాథ. ఉత్తమ చిత్రం ఆస్కార్ దానికే పోయింది. ఒకే జనం ఒకే సంవత్సరం రెండూ చూశారన్నమాట! అప్పుడు వియత్నాం యుద్ధం నడుస్తోంది, ఎవరికి కావలసింది వాళ్లు చూసుకుని ఉంటారు.

ఇక ఆ స్నానం సీన్. నేను నవ్వలేదు. నైతికం, అనైతికం అని కాదు, ఫౌజీగా చెబుతున్నా. ఆవిడ మేజర్. ఆ వెధవ పని చేసినవాళ్లు కెప్టెన్లు. మా దగ్గర మిలటరీ నర్సింగ్ సర్వీస్ మేడమ్‌లు భుజం మీద ర్యాంకుతో నడిచి వస్తుంటే మేం సెల్యూట్ కొట్టేవాళ్లం. పెద్ద ఆఫీసర్లని ఆటపట్టించడమే సినిమా ఉద్దేశం అంటారు. మరి కల్నల్ గారికి ఒక్క దెబ్బయినా గట్టిగా తగిలిందా? దెబ్బలన్నీ రూల్సు మాట్లాడిన ఇద్దరికే. వాళ్లలో మగాయన్ని పిచ్చివాళ్లకి వేసే చేతులు కట్టేసే చొక్కా తొడిగి జీపులో పంపించేశారు. ఆవిడ మాత్రం అక్కడే ఉండి పడాలి.

నైట్‌డ్యూటీ:
మాధవరం బాబాయ్ గారూ, దండాలు. నేను విజయవాడలో ఐసీయూ నర్సుని. మీ మాప్ కౌంట్ జోక్‌కి నవ్వు ఆగలేదు. మేమూ అంతే. రాత్రి మూడింటికి మా టేబుల్ దగ్గర నడిచే జోకులు బయట చెబితే ఉద్యోగాలు పోతాయి.

కానీ స్నానం సీన్ గురించి మీరు ర్యాంకు దగ్గర ఆపేశారు. ఆవిడ సిపాయి అయినా అంతే కదండీ. నాకు అసలు మండింది గుడారం లేపినప్పుడు కాదు, ఆ తర్వాత. కుర్చీలు వేసుకుని కూర్చుని చూశారు, ఆవిడ నేల మీద పడిపోయింది, అరుచుకుంటూ కల్నల్ దగ్గరికి వెళ్లింది. ఆయన ఇంకో నర్సుతో మంచం మీద ఉన్నాడు. రాజీనామా చేస్తానంటే 'చేసుకో' అన్నాడు. ఆ పిలుపు కూడా వాళ్లు ఆవిడకి పెట్టిన 'హాట్ లిప్స్' అనే ఎగతాళి పేరుతోనే. మా ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరు ఒక స్టాఫ్ నర్సుకి ఇలాగే పేరు పెట్టాడు. కంప్లయింట్ ఇస్తే, 'సరదాకి అన్నార్లేమ్మా' అన్నారు. ఆ పిల్ల వెళ్లిపోయింది, పేరు పెట్టినాయన ఇంకా రౌండ్స్‌కి వస్తున్నాడు.

ఆ పాత్ర వేసిన శాలీ కెల్లర్‌మన్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. రావాల్సిందే. కల్నల్ గుడారంలో ఆవిడ గొంతు పగిలే ఆ ఒక్క నిమిషం మిగతా సినిమాలో లేదు. దర్శకుడికి అది దొరికింది. దొరికినదాన్ని ఏం చేయాలో మాత్రం తెలియలేదు. చివరికి ఆవిణ్ని ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గంతులేసి అరిచే తెలివితక్కువదాన్ని చేసేశాడు. చెత్త సినిమా అయితే ఛానల్ మార్చేసి పడుకునేదాన్ని. ఓటీ సీన్లు అంత బాగా తీసినవాడు కాబట్టే కోపం. లేచి వెళ్లిపోయిన ఆ ఇద్దరమ్మాయిలని 'హాస్యం అర్థం కాలేదు' అని ఎవరైనా అన్నారా? అంటే వాళ్లని నా దగ్గరికి పంపండి.

సువాన్ తెలుగోడు:
నేను సౌత్ కొరియాలో ఉద్యోగం చేస్తున్నాను. మా టీమ్‌లో ఒకాయనతో కలిసి చూశాను ఈ సినిమా. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "మావాళ్లు ఎక్కడ?" అని మాత్రం అడిగాడు.

నిజమే కదా. ఉన్న ఒక్క కొరియా కుర్రాడు హో-జాన్ డాక్టర్లకి పనివాడు. వాణ్ని సైన్యంలోకి తీసుకోకుండా మందులిచ్చి మోసం చేయాలని చూస్తారు. కొరియా డాక్టరు ఇట్టే కనిపెట్టి వాణ్ని ఉంచేసుకుంటాడు. ఇక ఆ తర్వాత వాడు ఏమయ్యాడన్నది సినిమాకి అక్కర్లేదు. ఆల్ట్‌మన్ ఇది వియత్నాం అనుకోవాలనే తీశాడు, స్టూడియో పట్టుబట్టి కొరియా పేరు వేయించింది. ఆ కొండలు కూడా కాలిఫోర్నియావే, మాలిబు దగ్గర స్టూడియో స్థలంలో తీశారు. ఇక్కడ మాత్రం 1953లో ఆగింది కాల్పులే. శాంతి ఒప్పందం ఈనాటికీ లేదు, మా టీమ్‌లో ప్రతి మగాడూ రెండేళ్లో ఏడాదిన్నరో యూనిఫాం వేసుకుని వచ్చినవాడే.

రీలుపిచ్చి:
నైట్‌డ్యూటీ అక్కా, అన్నారు. నేనే పక్కనుండి విన్నాను, ఏమీ అనలేకపోయాను. మీ మాటలు ఆ గ్రూపులో పెడతాను. బాబాయ్ గారూ, ఆ యుద్ధంలో మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మాధవరం మిలటరీ:
అమ్మా నైట్‌డ్యూటీ, నువ్వన్నది ఒప్పుకుంటాను.

ఉన్నారు తమ్ముడూ. మన 60 పారా ఫీల్డ్ ఆంబులెన్స్, అంటే మన సైన్యం వైద్య యూనిట్, 1950 నవంబర్‌లో అక్కడ దిగింది. లెఫ్టినెంట్ కల్నల్ ఏ.జి. రంగరాజ్ దాని కమాండింగ్ ఆఫీసర్. తుపాకులతో కాదు, వైద్యానికే పంపింది మన ప్రభుత్వం. వెళ్లిన కొద్దిరోజులకే చైనావాళ్లు విరుచుకుపడ్డారు, ప్యాంగ్‌యాంగ్ నుంచి అందరూ వెనక్కి పరుగు. మనవాళ్లకి బండ్లు లేవు. సామాన్లు తగలబెట్టి వచ్చేయమంటే రంగరాజ్ సాబ్ ఒప్పుకోలేదు. ఎక్కడో ఒక పాత ఆవిరి ఇంజనూ కొన్ని డబ్బాలూ దొరికాయి. యూనిట్‌లో ఇంజను పని కొంచెం తెలిసినవాళ్లు ఉన్నారు. బకెట్లతో నీళ్లు మోసి బాయిలర్ నింపి, ఆసుపత్రి సామానంతా ఎక్కించి, వంతెన పేల్చేసేలోపు నది దాటించేశారు. తర్వాతి ఏడు మార్చిలో అమెరికా పారాట్రూపర్లతో కలిసి మున్సాన్ దగ్గర విమానంలోంచి దూకారు కూడా. సాబ్‌కి మహావీర్ చక్ర ఇచ్చారు.

రైలు నడుపుకుంటూ ఆసుపత్రిని వెనక్కి తెచ్చిన డాక్టర్ల కథ ఇది. ఎవరైనా తీస్తే నవ్వు కోసం ఏ ఆడమనిషి గుడారమూ లేపక్కర్లేదు, ఆ బకెట్ల లైను చాలు.