పఠనాలు బాగా చదివేవాళ్లకేనా, ముందుకొచ్చిన అందరికీనా?

మూడో బెంచీ:
మా కతోలిక విచారణలో (అంటే మా గుడి పరిధిలో) ఆదివారం పూజలో బైబిలు పఠనాలు పైకి చదివేది ఎప్పుడూ ఆ ఐదుగురే. బాగానే చదువుతారు, కాదనను. కొత్తవాళ్లు పేరిస్తే మాత్రం "చూద్దాంలెండి" అంటారు, అంతే సంగతులు. దేవుడి సేవకి కూడా పరీక్షలేంటండీ? వంతులవారీగా అందరికీ ఇవ్వొచ్చు కదా?

ఎర్ర సిరా:
తిట్లు తినడానికి సిద్ధపడే చెబుతున్నా, పరీక్ష ఉండాల్సిందే. పెంతెకోస్తు పండుగ మొదటి పఠనం తెలుసు కదా, బైబిల్లో అపొస్తలుల కార్యాలు 2వ అధ్యాయం, జాతుల పేర్లు, ఊళ్ల పేర్లు వరసగా వస్తాయి. ఒకసారి మా దగ్గర ఒకాయన ముందురోజు పుస్తకం తెరవకుండానే వచ్చేశారు. పార్తీయులు, మాదీయులు దాకా బండి నడిచింది. ఏలామీయుల దగ్గర ఆగింది. వేలు పంక్తి మీద పెట్టి వెనక్కెళ్లి మళ్లీ మొదలుపెట్టారు. కప్పదొకియ వచ్చేసరికి పిల్లలకి నవ్వాగలేదు. పైగా పఠనం పైన ఎర్ర అక్షరాల్లో ఉండే సారాంశం కూడా చదివేశారు, అది పైకి చదివేది కాదు. రోమా పూజాగ్రంథ సాధారణ నియమావళి 101వ అంశం చూడండి. నియమిత పఠకుడు (ఆ సేవకి అధికారికంగా నియమించినవారు) లేకపోతే గృహస్థులెవరైనా, అంటే గురువులు కాని మామూలు విశ్వాసులెవరైనా చదవొచ్చు, కాకపోతే తగినవాళ్లయి ఉండాలి, శ్రద్ధగా సిద్ధపడి ఉండాలి. వంతుల ఊసే లేదు అందులో.

ఆల్టో అక్క:
సిద్ధపడాలి, సరే తమ్ముడూ. సిద్ధం చేసేదెవరు? ఆ ఐదుగురిలో ఒక్కరైనా ఎవరినన్నా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారా? నేను కోయిర్‌లో చేరినప్పుడు ఆరు నెలలు కీర్తన పల్లవి తప్ప పాడనివ్వలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. కానీ ప్రతి వారం నేర్పారు! మూసిన తలుపుకీ, మెట్లున్న తలుపుకీ తేడా ఉంది.

ఎర్ర సిరా:
అక్కా, అది ఒప్పుకుంటా. మా దగ్గర కూడా నేర్పడం లేదు.

జపమాల తాత:
నా చిన్నప్పుడు పూజ లాటిన్‌లో జరిగేది. గురువుగారి వీపు చూస్తూ జపమాల తిప్పుకునేవాళ్లం. 1963లో రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక పీఠాధిపతుల సభ) దైవార్చన గురించి ఇచ్చిన పత్రం విశ్వాసులు సంపూర్ణంగా, తెలిసి, చురుగ్గా పాల్గొనాలంది. దాన్ని పట్టుకుని అందరూ మైకు దగ్గరికి రావాలనుకుంటే ఎలా నాయనా? ఎవరి పాత్ర వారే చేయాలని అదే పత్రంలో 28వ అంశం. శ్రద్ధగా వినడం కూడా పాల్గొనడమే. అయినా మైకు దొరకలేదనే బాధపడతారు గానీ, పూజయ్యాక పుస్తకాలు సర్దడానికి మాత్రం ఎవరూ పేరివ్వరు!

ఆల్టో అక్క:
తాతగారూ, "ఎవరి పాత్ర వారిది" అనే మాటతోనే మమ్మల్ని ఎన్నేళ్లు కూర్చోబెట్టారో చూడండి. ఆడవాళ్లు పఠనాలు ఎప్పట్నుంచో చదువుతున్నారు, నిజమే. కానీ 1972లో ఆరవ పౌలు పాపుగారు పఠకుడు, పీఠ పరిచారకుడు (పూజలో బలిపీఠం దగ్గర సాయపడేవాడు) అనే సేవల్ని గృహస్థులకి తెరిచినప్పుడు, ఆ అధికారిక నియామకాన్ని మగవాళ్లకే ఉంచారు. అది ఆడవాళ్లకి తెరుచుకుంది 2021 జనవరిలో, ఫ్రాన్సిస్ పాపుగారి హయాంలో. మధ్యలో 48 ఏళ్లకి పైనే.

జపమాల తాత:
దానికి నేను అడ్డు చెప్పలేదమ్మా. మా ఇంట్లో పఠనం నాకంటే మా ఆవిడే బాగా చదువుతుంది.

మూడో బెంచీ:
తాతగారు పుస్తకాల సంగతి నన్నే అన్నారని అర్థమైంది 😀 సర్దుతానండీ. వంతుల మాట వదులుకుంటున్నా, "చూద్దాంలెండి" మీద కోపం మాత్రం పోలేదు. తగనని చెబితే ఎందుకో చెప్పాలి కదా. నిన్న ఆ ఐదుగురిలో ఒకావిడని నేరుగా అడిగాను, శనివారం సాయంత్రం గుడిలో మైకు ముందు చదివి చూపిస్తాం, తప్పులు చెప్పండని. "ఇన్నేళ్లలో నన్నెవరూ ఇలా అడగలేదు" అందావిడ. వస్తానంది. నాతోపాటు ఇంకో ఇద్దరు వస్తున్నారు. ఎర్ర అక్షరాలు చదవం, అది మాత్రం హామీ.