వియా ఎమీలియా రోడ్డు వెంట ఇటలీ స్వేచ్ఛా పోరాటాల గుర్తులు: చూసినవాళ్లు చెప్పండి

పార్మా_చదువు
నేను పార్మాలో ఎంఎస్ చేస్తున్నాను. క్రీ.పూ. 187లో రోమన్లు రిమిని నుంచి పియచెంజా దాకా వేసిన వియా ఎమీలియా మీద ఇప్పటికీ బండ్లు తిరుగుతున్నాయి. దాని పొడవునా పోరాట స్మారకాలు ఉన్నాయని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. జులైలో అమ్మానాన్నలు వస్తున్నారు. ఎక్కడెక్కడ ఆగితే బాగుంటుంది?

బొలోన్యా_అక్క
తమ్ముడూ, బొలోన్యాలో నెత్తూనో చౌరస్తా వదలకు. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ ముస్సోలినీ ఫాసిస్టులు తమను ఎదిరించిన గెరిల్లాలను ఒక గోడ ముందు నిలబెట్టి కాల్చి చంపేవారు. 1945 ఏప్రిల్ 21న ఊరికి విముక్తి రాగానే ఇళ్లలోవాళ్లు వచ్చి తమవాళ్ల ఫొటోలు, పూలు ఆ గోడకే పెట్టడం మొదలుపెట్టారు. ప్రభుత్వం చెప్పి చేయించింది కాదది. ఇప్పుడు 2,000కు పైగా ముఖాలు ఉన్నాయి, ఆడవాళ్లవి కూడా. పేర్లు చదువుకుంటూ నిలబడితే గంట తెలియదు.

పక్కనే ఉగో బాస్సి వీధి. అదే ఊళ్లో వియా ఎమీలియా పాత దారి. బాస్సి, ఇటలీ ఏకీకరణ కోసం పోరాడిన గారిబాల్డి వెంట నడిచిన క్యాథలిక్ ఫాదర్. 1849 ఆగస్టు 8న ఆస్ట్రియన్లు ఆయన్ని ఈ ఊళ్లోనే కాల్చేశారు. దాదాపు వందేళ్ల తేడా ఉన్న రెండు పోరాటాలు ఇక్కడ ఒకే మలుపు దగ్గర కలుస్తాయి.

ఒంగోలు_రవి
ఫోర్లిలో భారత సైనికుల శ్మశానం తప్పకుండా చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో మన 4, 8, 10 డివిజన్లు ఇటలీలో పోరాడాయి. అక్కడ 500కు దగ్గరగా సమాధులు, దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల కోసం వేరే స్మారకం ఉన్నాయి. ఇంకా పైకి వెళ్తే ఈ రోడ్డు దాటే సేనియో నది వస్తుంది. 1945 ఏప్రిల్ 9న దాని ఒడ్డున నామదేవ్ జాదవ్ గాయపడ్డ తోటివాళ్లను కాల్పుల మధ్య మోసుకొచ్చి బ్రిటిష్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ పొందాడు. తమకే స్వాతంత్ర్యం లేని మనుషులు మరో దేశం విముక్తి కోసం ప్రాణాలిచ్చారు. ఇది మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది.

సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే మద్రాస్ సాపర్స్ కూడా ఇటలీలో పనిచేశారు, ఆ దళంలో తెలుగువాళ్లు ఉండేవారు. మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు.

సైకిల్_శ్రీను
మీరు పార్మాలోనే ఉన్నారు కాబట్టి చెర్వి అన్నదమ్ముల ఇల్లు దగ్గరే. గత్తాతికో దగ్గర పొలాల మధ్య ఉంటుంది, ఇప్పుడది మ్యూజియం. ఏడుగురు అన్నదమ్ములూ రైతులు, ఫాసిస్టులను ఎదిరించినవాళ్లు. ట్రాక్టర్ కొన్నప్పుడు దానితో పాటు ఒక గ్లోబు కూడా ఇంటికి తెచ్చుకున్నారు! 1943 జులై 25న ముస్సోలినీ పదవి పోయిందన్న వార్త విని, పాస్తా వండి పాల క్యాన్లలో పెట్టుకొని బండిమీద కాంపెజినె చౌరస్తాకు తెచ్చి ఊరంతటికీ పంచారు. అదే ఏడాది డిసెంబర్ 28న ఫాసిస్టులు ఏడుగురినీ ఒకేసారి కాల్చి చంపారు. తండ్రి ఆల్చీదె జైల్లో ఉన్నాడు, ఆయనకు ఆ సంగతి తర్వాత గానీ తెలియలేదు. తల్లి జెనొవెఫ్ఫా ఏడాది తిరగకుండానే పోయింది. ఏటా జులై 25న ఆ ఇంట్లో పాస్తా వండి పంచుతారు. మీ అమ్మానాన్నలు వచ్చే నెల అదేగా. సైకిలు లేదా కారు ఉంటే మంచిది.

హైదరాబాద్_మాధవి
పార్మా మీ కాళ్ల కిందే ఉంది కదండీ. 1922 ఆగస్టులో ఇతాలో బాల్బో నడిపిన వేలాది ఫాసిస్టులను నది అవతలి పేదల పేటలు బారికేడ్లు కట్టి వెనక్కి పంపేశాయి. ఆ పేటలవాళ్లను నడిపిన గ్విదో పిచెల్లి తర్వాత స్పెయిన్‌లో పోరాడుతూ చనిపోయాడు. రెజ్జో ఊళ్లో 1797 జనవరి 7న ఇటలీ మూడు రంగుల జెండా పుట్టిన హాలు కూడా దారిలోనే.

పార్మా_చదువు
అందరికీ థాంక్స్! జులై 25 చెర్వి ఇంటికే. యుద్ధకాలపు ఫోస్సోలి నిర్బంధ క్యాంపు, మారణకాండ జరిగిన మోంతె సోలె కొండ ఒకే రోజులో అవుతాయా? నాన్నకు మోకాళ్ల నొప్పులు.

బొలోన్యా_అక్క
వద్దు, రెండూ కలపకు. ఫోస్సోలి కార్పి ఊరి దగ్గర, యూదు రచయిత ప్రీమో లేవిని నాజీల ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపింది అక్కడి నుంచే. మోంతె సోలెలో 1944 సెప్టెంబర్ 29 నుంచి అక్టోబర్ 5 దాకా నాజీల ఎస్‌ఎస్ దళాలు 770 మందిని చంపాయి, చాలామంది పిల్లలు, ముసలివాళ్లు. ఒక్కరోజులో ఈ రెండూ చూస్తే మనసు తట్టుకోదు. నాన్నగారికి కొండ ఎక్కడం కష్టమైతే బొలోన్యా నుంచి లోకల్ రైల్లో మార్త్సబొత్తో వెళ్లండి, చనిపోయినవాళ్ల స్మారక మందిరం ఊళ్లోనే ఉంది. వెళ్లే ముందు తెరిచే వేళలు చూసుకోండి.