టెలిమెట్రీ అలారాలు రాత్రంతా మోగుతున్నాయి, మీ వార్డులో ఏం చేస్తున్నారు?

నైట్‌డ్యూటీ_సిస్టర్:
ఐసీయూ నుంచి వార్డుకి వచ్చే గుండె పేషెంట్లకి మా దగ్గర ఈమధ్యే వైర్‌లెస్ టెలిమెట్రీ బాక్సులు (గుండె లయని దూరంగా ఉన్న మానిటర్‌కి పంపేవి) పెట్టారు. మెళ్లో సంచిలా వేసుకుని కారిడార్‌లో నడవచ్చు, అది నిజంగా బాగుంది. కానీ సెంట్రల్ మానిటర్ ఆగకుండా మోగుతుంది, చాలాసార్లు లీడ్ (ఛాతీకి తగిలించే వైరు) ఊడిందనే. మొన్న తెల్లారుజామున ఒక పెద్దాయనకి అచ్చం వీటీ (ప్రాణం మీదకి తెచ్చే గుండె దడ) లాగే కనిపిస్తే క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, షాక్ మిషన్ ఉండే బండి) లాక్కుంటూ పరుగెత్తాం, తీరా చూస్తే ఆయన సింక్ దగ్గర పళ్లు తోముకుంటున్నారు, ఆ చేతి ఊపుకే మానిటర్‌లో గీత అలా వచ్చింది. మమ్మల్ని చూసి భయపడి "ఏమైందమ్మా నాకు?" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఇలాగే అలవాటైపోతే నిజంగా వచ్చిన రోజు ఎవరం లేస్తామా అని టెన్షన్‌గా ఉంది.

కార్డియాక్_అక్క:
పరుగెత్తి మంచిపని చేశావమ్మా, ఆ పరుగు మానకు. ముందు చర్మం సంగతి చూడు. వెంట్రుకలుంటే క్లిప్ చేసి, సబ్బునీళ్లతో తుడిచి, బాగా ఆరాక గాజ్ (కట్టు కట్టే పలచటి నూలు) గుడ్డతో కాస్త రుద్ది ఎలక్ట్రోడ్ (లీడ్ తగిలించే జెల్ స్టిక్కర్) అంటించు. కొబ్బరినూనె, పౌడర్ రాసుకున్న ఒంటి మీద ఏ ఎలక్ట్రోడూ నిలవదు. ప్యాకెట్ చింపి ట్రేలో వదిలేస్తే జెల్ ఎండిపోతుంది. మేం రోజూ స్నానం అయ్యాక కొత్తవి వేస్తాం, బ్యాటరీ కూడా అప్పుడే చూసేస్తాం.

డాలస్_బయోమెడ్:
"లీడ్ ఊడింది", "సిగ్నల్ లేదు" వేరువేరు అలారాలు, కలిపేయకండి. రెండోది అంటే బాక్సు నుంచి మానిటర్‌కి రేడియో సిగ్నల్ అందకపోవడం. అది ఎక్కువైతే బయోమెడికల్ వాళ్లని (ఆసుపత్రి పరికరాలు చూసే ఇంజినీర్లని) పిలిచి బాత్రూంలో, లిఫ్ట్ దగ్గర, ఎక్స్‌రే గదిలో బాక్సు పట్టుకుని నడిచి చూడమనండి. 1998లో మా డాలస్‌లో ఒక టీవీ ఛానెల్ డిజిటల్ ప్రసారం పరీక్షించేసరికి అదే ఫ్రీక్వెన్సీ వాడుతున్న ఆసుపత్రి టెలిమెట్రీ దెబ్బతింది. ఆ తర్వాతే, 2000లో, అమెరికాలో వైద్య టెలిమెట్రీకి 608–614 మెగాహెర్ట్జ్‌తో సహా మూడు బ్యాండ్లు విడిగా కేటాయించారు. మీ బాక్సులు ఏ ఫ్రీక్వెన్సీలో నడుస్తున్నాయో ఒకసారి అడగండి.

కార్డియో_పీజీ:
తప్పు మాదీ ఉంది సిస్టర్, టెలిమెట్రీ పెట్టమని రాసిన ఆర్డర్ తీయడం మర్చిపోతాం. రౌండ్స్‌లో "ఈ పేషెంట్‌కి ఇంకా కావాలా సార్?" అని రోజూ అడగండి. ఏఎఫ్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఉన్నవాళ్లకి గుండె వేగం ఎంత దాటితే అలారం మోగాలో, ఆ రేట్ లిమిట్ మా చేత రాయించుకోండి, అంతేగానీ అలారం మ్యూట్ మాత్రం చేయొద్దు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
థాంక్స్ అక్కా, థాంక్స్ సార్. ఆ పెద్దాయనకి ఈ రాత్రే కొత్త ఎలక్ట్రోడ్లు అంటించాను, ఛాతీ మీద నిజంగానే పౌడర్ ఉంది. పళ్లు తోముకునే ముందు బెల్ కొడతానన్నారు.