పాత పాటలకు కొత్త బీట్లు: మెరుగా, చెరుపా?

కోఠి శ్రోత:
1950, 60ల నాటి తెలుగు పాట ఏది వెతికినా ముందు 'స్టీరియో', 'రీమాస్టర్' అని రాసినవే కనిపిస్తున్నాయి. గరగర తీసేస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ చాలావాటిలో కొత్తగా డ్రమ్స్, బేస్ కలుపుతున్నారు. ఆ సంగతి ఎక్కడా చెప్పడం లేదు. ఆ రోజుల్లో గాయకులు, వాద్యబృందం ఒకే హాల్లో కలిసి పాడి వాయించేవాళ్లు. వయొలిన్లు మైకుకు ఎంత దూరంలో ఉండాలి, తబలా ఎంత వినపడాలి అన్నది సంగీత దర్శకుడూ రికార్డిస్టూ అక్కడే తేల్చుకునేవాళ్లు. ఆ తూకాన్ని ఇప్పుడు చెడగొట్టే హక్కు మనకెక్కడిది? ఇది చెరుపే అంటాను. మీరేమంటారు?

ఉప్పల్ కుర్రాడు:
మీ బాధ అర్థమైందండీ, కానీ ఒప్పుకోలేను. మా వయసువాళ్లు కారులో పాత పాట వస్తే పల్లవి కూడా పూర్తికాకుండా మార్చేస్తారు. కొంచెం బేస్ ఉంటే ఆగి వింటారు. మా తమ్ముడికి ఘంటసాల గొంతు పరిచయమైంది అలాంటి వెర్షన్‌తోనే. ఇప్పుడు వాడే పద్యాలు వెతుక్కుని మరీ వింటున్నాడు. 1957 నాటి 'మాయాబజార్'ను మన హైదరాబాద్‌లోనే గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగుల్లోకి మార్చి, డీటీఎస్ సౌండ్‌తో 2010లో విడుదల చేసింది. తరం మారాక కూడా అది హాల్లో ఆడిందంటే ఆ మార్పుల వల్లే కదా. ఎవరూ వినని స్వచ్ఛత ఎవరికోసం?

రికార్డుల పిచ్చి:
అన్నా, ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. మార్చకూడదంటున్న ఆ పాట అసలు రూపం ఏది? జుమేరాత్ బజార్‌లో 78 ఆర్‌పీఎం రికార్డులు, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులు, దొరికినప్పుడల్లా కొంటుంటాను. పది అంగుళాల రికార్డులో ఒక వైపుకి మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. సినిమాలో పాట అంతకన్నా పొడవుంటే చరణం తీసేసేవాళ్లు, లేదా రెండు వైపులకూ పంచేవాళ్లు. రికార్డు కోసం మళ్లీ పాడించిన పాటలూ ఉన్నాయి. సినిమా రీలు మీది సౌండ్ ట్రాక్‌లోనేమో సుమారు 8 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం, అంటే బాగా సన్నటి ధ్వని, చాలావరకు తగ్గిపోతుంది. అంటే ఆ రోజు హాల్లో మోగింది రీల్లోనూ పూర్తిగా లేదు, రికార్డులోనూ లేదు.

ఇంకొకటి. కోఠి శ్రోత గారు అభ్యంతరం లేదన్న గరగర తీసేయడమే నా లెక్కలో పెద్ద ప్రమాదం. సాఫ్ట్‌వేర్‌ని గట్టిగా వాడితే సూది చప్పుడుతోపాటు స, శ అక్షరాల పదును పోతుంది. వీణ మీటినప్పటి మొదటి చురుకు పోతుంది. పల్లవి ఎత్తుకునే ముందు గాయకుడు తీసుకునే ఊపిరి కూడా మాయమవుతుంది. గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది. రికార్డును తప్పు వేగంతో తిప్పి ఎక్కించినవి వేరే. వేగంలో 6 శాతం తేడా వస్తే శ్రుతి ఒక స్వరస్థానం జరిగిపోతుంది. హార్మోనియం పెట్టి చూడండి, ఇట్టే తెలిసిపోతుంది. డ్రమ్స్ కలిపితే కనీసం చెవికి తెలుస్తుంది, ఇవి తెలియవు.

కోఠి శ్రోత:
శుభ్రం చేయడం గురించి మీరు చెప్పింది నిజం, అక్కడా హద్దు ఉండాలి. కానీ రికార్డు, రీలు రెండూ వేరువేరన్న మాట నా వాదనకు అడ్డు రాదు. ఆ రెండూ ఆ కళాకారులు ఉండగా, వాళ్లకు తెలిసి చేసినవి. మొన్న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ వెళ్తూ మెట్రోలో నేనూ మా స్నేహితుడూ చెరో ఇయర్‌బడ్ పెట్టుకుని ఒక స్టీరియో పాట విన్నాం. నాకు గొంతు, ఫ్లూటు. అతనికి డ్రమ్స్, గొంతు నీడలా ఎక్కడో. "పాట బాలేదు" అన్నాడు. అతను విన్నది నిజంగానే బాలేదు. ఒక్క మైకు ముందు కుదిర్చిన పాటను కుడి, ఎడమలుగా చీలిస్తే ఇంతే.

వివిధభారతి అభిమాని:
హక్కు ఎక్కడిది అని అడిగారు కాబట్టి చెబుతున్నాను. మన కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగుకు 60 ఏళ్లే రక్షణ. 1957లో వచ్చిన రికార్డుకు అది 2017 చివరితో తీరిపోయింది. బాణీకి, సాహిత్యానికి మాత్రం కర్త మరణించాక 60 ఏళ్ల వరకు ఉంటుంది. ఘంటసాల 1974లో పోయారు కాబట్టి ఆయన స్వరపరిచిన బాణీలకు 2034 చివరిదాకా ఉన్నట్టు. పైగా తమ కృతిని వికృతం చేస్తే అడిగే హక్కు కర్తకు 57వ సెక్షన్ ఇస్తోంది. రికార్డు గడువు తీరినంత మాత్రాన పాటను ఏమైనా చేయొచ్చని కాదు. నన్నడిగితే చట్టం కన్నా ముందు కావలసింది వివరం. ఏ రికార్డు నుంచి ఎక్కించారు, ఏం తీశారు, ఏం కలిపారు, ఈ మూడు ముక్కలు పాట కింద రాయడానికి ఏం కష్టం?

ఉప్పల్ కుర్రాడు:
రాయాలన్నదానికి నేనూ సరే అంటాను మేడమ్. పాత మోనో, అంటే కుడి, ఎడమలుగా చీల్చని పాట కూడా పక్కనే ఉంచాలి, అదీ సరే. కొత్త వెర్షన్లు అసలు చేయొద్దంటే మాత్రం ఒప్పుకోను.

కోఠి శ్రోత:
ఉంచమనండి ముందు. ఇప్పుడు వెతికితే మొదటి పేజీలో మోనో ఒక్కటి కూడా కనపడదు. నా గొడవంతా దాని గురించే.